దొరగారికి నేనిచ్చిన ప్రమోషన్

ఉత్తరం ఒకరి పేరున వచ్చినా వీధి వీధంతా చదువుకునే కాలం ఒకటుండేది. ఇప్పుడంటే ఫోనులో వచ్చిన కబురు పక్కన కూర్చున్న మనిషికి కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాం గానీ, ఆ రోజుల్లో సత్తెనపల్లిలో పోస్టుమాను సైకిలు దిగి స్టాండు వేస్తే ఆ చప్పుడుకే నలుగురు పోగయ్యేవాళ్ళు. కార్డయితే ఆయనే దారిలో చదివేసి సగం విషయం నోటితోనే అందించేవాడు. కవరయితే విప్పి చదివేవాళ్ళు కావాలి. అందులోనూ ఇంగ్లీషు కవరయితే మా వీధి మొత్తానికి ఉన్న దిక్కు నేనొక్కదాన్నే. ఆ దిక్కు ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

నాకప్పుడు ఇరవయ్యో ఇరవై ఒకటో. టైపు లోయరు పాసై, హయ్యరు ఒకసారి తప్పి (రెండుసార్లని మా తమ్ముడంటాడు, వాడి మాట పట్టించుకోకండి), బస్టాండు వెనక వీధిలో ఒక మేడ మీద నడిచే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు వేళ్ళు పెట్టడం నేర్పే ఉద్యోగంలో చేరాను. మా వీధిలో నన్ను అందరూ 'టైపు పిల్ల' అనేవాళ్ళు. ఆ మేడ కిందే మా తాత పరుపుల కొట్టు. తాతంటే మా అమ్మ వాళ్ళ నాన్న. మా ఇళ్ళల్లో తరాలుగా దూది ఏకడం, పరుపులు కుట్టడమే పని. సాయిబులమే గానీ నమాజు తప్ప మిగతాదంతా మాకు తెలుగులోనే. పైన మా ఆరు మిషన్లు టకటకలాడుతుంటే కింద తాత దూది ఏకే విల్లు ధుంయ్ ధుంయ్‌మని మోగేది. సాయంత్రం మేడ దిగేసరికి గాలిలో తేలే దూదంతా నా జడకు పట్టుకుని, ఇరవయ్యేళ్ళకే నెరిసినదానిలా ఇంటికి వెళ్ళేదాన్ని.

మా తాతకు 'పటాలం తాత' అని పేరు. పెద్ద యుద్ధంలో బర్మా దాకా వెళ్ళొచ్చాడు. అక్కడ ఒక కుర్ర ఇంగ్లీషు కెప్టెనుకు ఆర్డర్లీ. అంటే దొరగారి బూట్లు తుడవాలి, పక్క వెయ్యాలి, టీ కాయాలి. సాయిబు అయ్యుండి ఉర్దూ రాదని పటాలంలో మిగతావాళ్ళు తాతను ఏడిపిస్తుంటే, ఆ కుర్ర దొరే ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చోబెట్టి హిందుస్తానీ నేర్పాడట. "ఇంగ్లీషోడి దగ్గర ఉర్దూ నేర్చుకున్న సాయిబుని దేశం మొత్తంలో నేనొక్కణ్ణే" అని తాత గర్వంగా చెప్పుకునేవాడు. వినేవాళ్ళు ఉంటేగా. ఎదురుగా టీకొట్టు బాబాయి దగ్గర తాత "బర్మాలో మా దొరా నేనూ..." అని మొదలుపెట్టగానే గ్లాసులు కింద పెట్టి ఒక్కొక్కరే లేచిపోయేవాళ్ళు. కుర్చీ ఇచ్చేవాళ్ళు కూడా కాదు. ఆ బల్ల చివర నిలబడే తాగి వచ్చేవాడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు పోస్టుమాను నేరుగా పరుపుల కొట్టు ముందు స్టాండు వేశాడు. కవరు మీద తాత పేరు, దాని కింద 'పరుపులు కుట్టేవారి కుటుంబం, సత్తెనపల్లి, గుంటూరు జిల్లా' అని ఇంగ్లీషులో ఉంది. పక్కన ఇంగ్లండు స్టాంపు. నన్ను మేడ మీంచి పిలిచారు. నేను చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పెద్ద డాక్టరు నాడి పట్టుకున్నట్టు కవరు అందుకున్నాను.

ఆ దస్తూరీ గురించి కొంచెం చెప్పుకోవాలి. అచ్చు అక్షరాలైతే ఎంత పొడుగు మాటకైనా నేను బెదిరేదాన్ని కాదు. ఆ కాయితాల మీద మాత్రం ఎవరో చీమను సిరాబుడ్డిలో ముంచి పరుగెత్తమని వదిలినట్టుంది. పది మాటల్లో మూడు తెలిశాయి. కొట్టు ముందు చూస్తే పాతికమంది. టీకొట్టు బాబాయి గరిటె పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. పక్క వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టారు చంకలో గొడుగుతో ముందు వరసలో ఉన్నారు. తాత నా మొహంలోకే చూస్తున్నాడు. 'నాకు చదవడం రావట్లేదు తాతా' అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దొరికిన మూడు మాటల్నీ పట్టుకుని మిగతా ఏడూ నేనే అల్లేశాను.

రాసినాయన మా తాత దొరగారే. అది నిజం. సంతకం కింద బ్రిగేడియర్ అని ఉంది. అదీ నిజమే. దాని పక్కన బ్రాకెట్లో ఆర్.ఇ.టి.డి. అని నాలుగక్షరాలున్నాయి. బి.ఎ., బి.ఇడి. లాంటి చదువేదో అనుకుని వదిలేశాను. (రిటైరయ్యారని దాని అర్థమని తెలిసేసరికి జరగాల్సినదంతా జరిగిపోయింది.) ఇక లోపల బాగా తెలిసిన వాక్యం ఒకటే ఒకటి: 'గ్రీన్‌ఫ్లైతో యుద్ధం చేస్తున్నాను, ఓడిపోయేలా ఉన్నాను.' ఇంకోచోట 'పోయిన చలికాలంలో ఎం.ను పోగొట్టుకున్నాను' అని ఉంది. ఎం. అంటే ఏదో కోటో ఊరో అయ్యుంటుందనుకున్నాను. అంతే చదివి వినిపించాను. దొరగారు గ్రీన్‌ఫ్లై అనేవాళ్ళతో యుద్ధంలో ఉన్నారు, ఎం. అనే చోటు పోయింది, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి, మీ ఇంట్లో అందరినీ అడిగానని చెప్పమన్నారు.

"గ్రీన్‌ఫ్లై ఎక్కడుందమ్మాయ్?" అని హెడ్మాస్టారు నెమ్మదిగా అడిగారు.

"సముద్రం అవతలండి" అన్నాను. సత్తెనపల్లి నుంచి చూస్తే అది ఏ విధంగానూ అబద్ధం కాదు.

"పేపర్లో రాలేదే?"

"రహస్య యుద్ధమండి."

అందరూ తలలూపారు. టీకొట్టు బాబాయి తాతకేసి తిరిగి, "అయితే నువ్వు చెప్పే దొర నిజంగానే ఉన్నాడన్నమాట" అన్నాడు. ఆ సాయంత్రం తాత టీకి వెళితే బల్ల మీద ఇద్దరు జరిగి చోటిచ్చారు. వారం తిరిగేసరికి తాత కోసం వేరే ఒక కుర్చీయే వేశారు.

జవాబు రాయాల్సింది కూడా నేనే. తాత పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని చెప్పాడు: "సాబ్, ఎం. పోతే పోయింది, దిగులు పడకు. ఇంకోటి పట్టుకుందాం. మోకాళ్ళకు వేపనూనె కాచి రాయించుకో. చలిలో తిరక్కు, నీకు అసలే బుద్ధి తక్కువ." ఇంత పెద్ద హోదాలో ఉన్నాయనకు ఇలా రాస్తే పరువు పోతుందని నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వ్యాపార ఉత్తరాల పుస్తకం ముందు పెట్టుకుని టైపు కొట్టాను. 'అయ్యా, తమరి లేఖ అందినది. అందులోని విషయములు గమనించడమైనది. తమరి ఆరోగ్యము మెరుగుపడగలదని ఆశించుచున్నాము. ఇట్లు తమ విధేయుడు.' మార్జిన్లు మాత్రం చూడముచ్చటగా వచ్చాయి.

అలా మూడు నెలలకొకటి చొప్పున ఉత్తరాలు వచ్చేవి. రెండోదానిలో దొరగారు పై మెట్టు శత్రువుకు వదిలేశారు. మూడోదానిలో పక్కింటి కల్నలు సలహా మీద రెండు వందల మంది లేడీబర్డ్‌లను రప్పించారు. లేడీ అన్నారు కాబట్టి అది ఆడవాళ్ళ పటాలమే అని నేను నిర్ధారణగా చెప్పేశాను. దొడ్డివైపు గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మమ్మ, "చూశారా, చివరికి ఆడవాళ్ళను పంపితే గానీ తెమల్లేదు" అంది.

ఆ సాయంత్రం ఎందుకో మనసు పీకి, ఇన్‌స్టిట్యూట్ బీరువాలో ఉన్న లావు డిక్షనరీ తీసి చూశాను. లేడీబర్డ్: ఎర్రని వీపు మీద నల్లచుక్కలుండే చిన్న పురుగు. అంటే మనవాళ్ళు అక్షింతల పురుగు అంటారే, అది. పేజీలు వెనక్కి తిప్పి గ్రీన్‌ఫ్లై కూడా చూశాను. మొక్కల లేత చిగుళ్ళ రసం పీల్చే ఆకుపచ్చని సన్న పురుగు. దొరగారు ఆర్నెల్లుగా యుద్ధం చేస్తున్నది గులాబీ మొక్కలకు పట్టిన పేనుబంకతో. అదే పేనుబంకతో మా నాన్న తన రెండెకరాల మిరప చేలో ఏటా యుద్ధం చేసేవాడు, ఆయనను ఎవరూ బ్రిగేడియర్ అనలేదు.

అప్పుడే కిందికి దిగి నిజం చెప్పేయాల్సింది. దిగాను కూడా. తాత ఎదురు టీకొట్టు దగ్గర తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆయన చుట్టూ మిరపకాయల మార్కెట్టుకు వచ్చిన పరాయి ఊరి రైతులు నలుగురు కూర్చుని బర్మా కథ వింటున్నారు. మధ్యలో ఎవరూ లేవలేదు. ఒకాయన "తరవాతేమైంది?" అని కూడా అడిగాడు. నలభై ఏళ్ళలో మా తాతను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నేను మెల్లిగా మళ్ళీ మేడెక్కేశాను.

నాలుగో ఉత్తరం వచ్చేసరికి దొరగారి చేత యుద్ధం గెలిపించేశాను. ఎలాగో ఒకలాగ ముగించాలి కదా. గెలిచినాయనకు ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే బాగుండదని మేజర్ జనరల్ను కూడా చేసేశాను. ఆ రోజు టీకొట్టు బాబాయి అందరికీ టీ పోశాడు. ఇంగ్లండు సైన్యంలో సత్తెనపల్లి టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి ప్రమోషన్ పొందిన అధికారి ఆయనొక్కడే అయ్యుంటాడు.

రెండేళ్ళు ఇలా సుఖంగా గడిచాక వచ్చింది అసలు ఉత్తరం. అది చిత్రంగా చాలా స్పష్టంగా ఉంది. దొరగారు దాన్ని పొడి అక్షరాల్లో, చిన్నపిల్లలకు రాసినట్టు విడివిడిగా రాశారు. పాత సైనికులంతా కలిసి బర్మా సమాధులు చూడటానికి వెళ్తున్నారట, దారిలో మద్రాసులో ఆగుతారట, అక్కణ్ణుంచి తాను ఒక్కడూ రైల్లో గుంటూరు వచ్చి, కారు మాట్లాడుకుని సత్తెనపల్లి వస్తారట. ఒక్క రోజు. మిరప చేను చూపిస్తానని తాత బర్మాలో మాటిచ్చాడు, అది గుర్తుందా అని అడిగారు.

ఆ ఉత్తరాన్ని మూడు రోజులు మిషను మూత కింద దాచాను. అన్నం సయించలేదు. మూడో రోజు అమ్మమ్మ నా నుదురు పట్టి చూసి "జ్వరం లేదు, మరేం మాయరోగం?" అంది. ఇక లాభం లేదని కిందికి దిగి చదివేశాను. తాత లేచి లోపలికి వెళ్ళి, కొట్టులో ఉన్నదాంట్లో మేలైన దూది తీసి, విల్లు పట్టుకున్నాడు. దొర పడుకోవడానికి కొత్త పరుపు. వీధిలోవాళ్ళు బ్యానరు రాయిస్తామన్నారు. 'మేజర్ జనరల్ గారికి స్వాగతం' అని రాయబోతున్న పెయింటరు దగ్గరికి నేనే పరుగెత్తి, మిలిటరీ వాళ్ళకు హోదాలు బయటపెట్టడం ఇష్టం ఉండదని బతిమాలి, 'దొరగారికి స్వాగతం' దగ్గర ఆపించాను.

మిరపకాయ ఎర్రబడుతున్న రోజుల్లో, పొద్దున పదింటికి కారొచ్చింది. అందులోంచి ముందు ఒక చేతికర్ర దిగింది. తరవాత ఒక కాలు. చాలాసేపటికి రెండో కాలు. కొబ్బరిపీచు రంగు కోటు, ఎర్రగా కాలిన ముక్కు, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. యుద్ధాలు గెలిచిన మనిషిలా కాక ఎండకు సొమ్మసిల్లబోతున్న లెక్కల మాస్టారిలా ఉన్నారు. తాత ఎక్కడో దాచిన పాత పటాలం బెల్టు లుంగీ మీద పెట్టుకుని నిలబడి సెల్యూట్ కొట్టాడు. దొరగారు కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని తిరిగి సెల్యూట్ చేశారు. ఆ తరవాత ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుని, ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. హిందుస్తానీలో. గడగడా.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా వంతెనలా ఉన్నానని అనుకున్నదాన్ని, తీరా చూస్తే వాళ్ళకు నా అవసరమే లేదు. తాత చెయ్యి పెట్టి దొరగారి పొట్ట తట్టి ఏదో అన్నాడు. దొరగారు తాత బోసినోరు చూపించి ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వారు. జనం నన్ను పొడుస్తున్నారు, ఏమంటున్నారని. "పాత సంగతులు" అన్నాను. ఆ రెండేళ్ళలో నేను చేసిన తర్జుమాల్లో అదే మొదటి నిజం.

టీ అయ్యాక అందరం కలిసి మా నాన్న చేనుకు బయల్దేరాం. దొరగారు గట్టు మీద మెల్లిగా నడుస్తూ, ఎర్రటి కాయలు చూసి ఏదో అంటుంటే తాత తలూపుతున్నాడు. చేను మధ్యలో దొరగారు ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, ఒక చిగురాకు తిప్పి చూశారు. తరవాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. నా వైపు తిరిగి, జనమంతా వినేటట్టు, ఇంగ్లీషులో అన్నారు: "గ్రీన్‌ఫ్లై. చూశావా, ఈ దుర్మార్గులు ఇక్కడిదాకా వచ్చేశారు."

ఆ మాట జనంలో సగం మందికి తెలిసిందే. రెండేళ్ళుగా మా వీధి చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చిన పేరది. "గ్రీన్‌ఫ్లై అన్నాడు. ఏంటట, ఏమన్నాడు?" అని టీకొట్టు బాబాయి ముందుకు తోసుకొచ్చాడు. నేను వంగి చెప్పులో ఇరుక్కున్న మట్టిబెడ్డ తీస్తున్నట్టు నటించాను. తాత నా వంక చూస్తున్నాడు.

ఇంగ్లీషు తెలిసిన ఇంకో మనిషి హెడ్మాస్టారు. ఆయన గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుని, పాఠం చెప్పే గొంతుతో, "ఈ పేనుబంక వాళ్ళ దేశంలో కూడా ఉందట. మీరేం మందు కొడతారని అడుగుతున్నారు" అన్నారు.

ఇక చూసుకోండి. పదిమంది రైతులు దొరగారి చుట్టూ మూగారు. ఒకాయన ఫలానా మందంటాడు, ఇంకొకాయన అది కొడితే ఆకు ముడుచుకుపోతుందంటాడు, మా నాన్న ఎప్పుడూ మాట్లాడని మనిషి వేపపిండి గురించి పావుగంట చెప్పాడు. తాత హిందుస్తానీలోకి తిప్పుతున్నాడు. దొరగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నారు. గ్రీన్‌ఫ్లై దేశం సంగతి ఎవరికీ గుర్తు లేదు. తిరిగి వస్తుంటే హెడ్మాస్టారు నా పక్కకు వచ్చి, ముందుకు చూస్తూనే, "గ్రీన్‌ఫ్లై రాజధాని ఏదమ్మాయ్?" అని అడిగారు.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"రెండో ఉత్తరం నాడే డిక్షనరీ చూశాను."

"మరి ఎవరికీ చెప్పలేదేమండి?"

ఆయన పదడుగులు నడిచారు. "మీ తాతకు కుర్చీ వేశారు కదమ్మా" అన్నారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక దొరగారు కొత్త పరుపు మీద ఒరిగారో లేదో నిద్రపోయారు. ఆ పరుపు పొడవు చాలక పాదాలు రెండూ బయటికి వచ్చాయి. గండం గడిచిందనుకుని మేడెక్కి మిషను ముందు కూర్చున్నాను. మెట్ల మీద తాత అడుగుల చప్పుడు. తాత ఎప్పుడూ మేడెక్కేవాడు కాదు, ఆయాసం. వచ్చి పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆయన భార్య పోయి మూడేళ్ళయిందంట" అన్నాడు. "మొదటి ఉత్తరంలోనే రాశాడంట. నాకెందుకు చెప్పలేదు?"

ఎం. అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కోటా కాదు, ఊరూ కాదు. ఆయన తన భార్యను పేరులో మొదటి అక్షరంతో పిలుచుకునేవారు. 'పోతే పోయింది, ఇంకోటి పట్టుకుందాం' అని మా తాత చేత నేను చెప్పించింది ఆమె గురించి. ఆ వాక్యాన్ని టైపు కొట్టకుండా 'విషయములు గమనించడమైనది' అని రాసినందుకు వ్యాపార ఉత్తరాల పుస్తకానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. కానీ అది కూడా ఎంత ఘోరమో వెంటనే తట్టింది. భార్య పోయిందని ఒక మనిషి నలభై ఏళ్ళ తరవాత పాత స్నేహితుణ్ణి వెతుక్కుని రాస్తే, విషయములు గమనించడమైనది అని జవాబు.

అంతా చెప్పేశాను. దస్తూరీ తెలియకపోవడం, యుద్ధం, ఆడ పటాలం, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను. తాత దించిన తల ఎత్తకుండా విన్నాడు.

"మరి ఆ జనరలు?"

"నేనే చేశాను తాతా."

తాత తల ఎత్తాడు. "బ్రిగేడియరే ఎక్కువ వాడికి" అన్నాడు. "మ్యాపు తిరగేసి పట్టుకునేవాడు." తరవాత కండువాతో మొహం తుడుచుకుని, "కాయితం పెట్టు. ఆయన లేచేలోగా అయిపోవాలి. నేనేమంటే అదే కొట్టు. నీ మాటలొద్దు" అన్నాడు.

ఆ ఉత్తరం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "సాబ్, మేడమ్ పోయిందని నాకు తెలియలేదు. తెలిస్తే అప్పుడే రాసేవాణ్ణి. బర్మాలో నువ్వు ఆమె ఫోటో ట్రంకు మూత లోపల అంటించుకున్నావు. వానల్లో దానికి బూజు పట్టేది. ఆదివారం ఆదివారం నేనే తుడిచేవాణ్ణి, నీకు తెలియదు. కళ్ళ దగ్గర మెల్లిగా తుడిచేవాణ్ణి. అందుకని ఆమె నాకు కూడా తెలిసిన మనిషే. ఇప్పుడు ఒక్కడివే టీ కాచుకుంటున్నావా? నువ్వు కాచే టీ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పక్కింటి కల్నలును కాచమను. పురుగుల గురించి దిగులు పడకు." ఇదంతా నేను మాటకు మాట ఇంగ్లీషులో కొట్టాను. వ్యాకరణం ఎక్కడికక్కడ కూలిపోయింది. హయ్యరు పరీక్షలో అలాంటి కాయితం ఇస్తే మూడోసారి కూడా తప్పేదాన్ని. (సరే, రెండుసార్లే తప్పాను. మా తమ్ముడు చెప్పిందే నిజం.)

సాయంత్రం దొరగారు కారు దగ్గర నిలబడి ఉండగా తాత ఆ కాయితం చేతికిచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషికి ఉత్తరమేమిటని జనం వింతగా చూశారు. దొరగారు కళ్ళజోడు పెట్టుకుని అక్కడే చదివారు. రెండుసార్లు చదివారు. తరవాత మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి మెల్లిగా ఇంగ్లీషులో అన్నారు: "నువ్వు రాసిన ఉత్తరాలన్నీ దాచుకున్నానమ్మా. చాలా చక్కటి ఉత్తరాలు. ప్రతిదాంట్లో ఇతని కోసం వెతికేవాణ్ణి, ఎక్కడా కనపడేవాడు కాదు. అసలు బతికి ఉన్నాడా, ఎవరో గుమాస్తా రాస్తున్నాడా అని అనుమానం వచ్చేది. అది తేల్చుకుందామనే వచ్చాను." జేబు మీద చెయ్యి వేసుకుని, "ఇదిగో, దొరికాడు" అన్నారు.

"ఏమన్నాడు?" అన్నాడు టీకొట్టు బాబాయి.

"నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదన్నారు" అన్నాను.

ఆ తరవాత మరో ఐదారేళ్ళు ఉత్తరాలు నడిచాయి. తాత చెప్పింది చెప్పినట్టే కొట్టేదాన్ని. అటు నుంచి దొరగారు కూడా అక్షరాలు విడదీసి రాసేవారు, నా కోసం. అందులో ఎక్కువగా పురుగులూ మోకాళ్ళూ టీ గొడవే. అదంతా ఉన్నదున్నట్టు చదివితే కొట్టు ముందు జనం పలచబడతారని భయపడ్డాను గానీ, తగ్గలేదు. పేనుబంక కబురు కోసం రైతులు కొత్తగా రావడం మొదలుపెట్టారు. దొరగారు మాత్రం వాళ్ళ లెక్కలో జనరలుగానే ఉండిపోయారు. హోదా తగ్గించే ధైర్యం నాకూ లేదు, తాతకూ మనసొప్పలేదు.

ముందు తాత పోయాడు. ఆ కబురు నేనే రాశాను, సొంతంగా, పుస్తకం చూడకుండా. రెండేళ్ళ తరవాత దొరగారి కూతురి దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. లోపల వాళ్ళ ఊరి పేపరు ముక్క, ఆయన జీవితం గురించి ఒకే ఒక్క కాలమ్. అప్పటికి కొట్టు మా మావయ్య చూస్తున్నాడు. పాతవాళ్ళలో ఉన్న కొద్దిమందీ పోగయ్యారు. ఆ రోజు ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా చదివి వినిపించాను. ఫలానా పల్లెలో పుట్టారు. పంతొమ్మిదేళ్ళకు సైన్యంలో చేరారు. బర్మాలో కెప్టెను. తరవాత మలయా అడవుల్లో కొన్నాళ్ళు, జర్మనీలో చాలాకాలం. ఎక్కువ భాగం సైనికులకు బూట్లు, దుప్పట్లు, తిండి సమయానికి అందేలా చూసే పని. ఆయన కింద ఏ దళానికీ బూట్లు ఆలస్యం కాలేదని పేరు. బ్రిగేడియర్‌గా రిటైరయ్యారు. గులాబీలు పెంచేవారు. హిందుస్తానీ చక్కగా మాట్లాడేవారు, వినేవాళ్ళు లేకపోయినా.

చదవడం అయిపోయింది. టీకొట్టు బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నవాడు చెయ్యి దించేశాడు. "ఇది మన జనరల్ గారిది కాదమ్మా" అన్నాడు. "పేరు కలిసింది. ఇదెవరో బూట్లాయన." మిగతావాళ్ళు కూడా అంతే అన్నారు. హెడ్మాస్టారి వైపు చూశాను. బాగా పెద్దాయనైపోయారు, గొడుగు ఇప్పుడు చేతికర్రగా వాడుతున్నారు. ఆయన నిదానంగా, "మడిచి లోపల పెట్టుకో అమ్మాయ్" అన్నారు.

పెట్టుకున్నాను. ఇప్పుడు నేను తాడేపల్లిలో ఉంటున్నాను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ ముక్క దొరికింది, మడతల దగ్గర చిరగబోతోంది. పెద్ద అక్షరాలు కనపడే కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాను. ఒక్క మాట కూడా అడ్డం పడలేదు, ఇన్నేళ్ళలో ఇంగ్లీషు ఆ మాత్రం వచ్చింది. చదువుతుంటే ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల మీద ముచ్చటేసింది. జడలో దూది, చేతిలో అర్థం కాని కాయితం, ఎదురుగా పాతికమంది. తెలియదని చెప్పడానికి భయపడి ఒక దేశాన్ని, ఒక యుద్ధాన్ని, ఒక ఆడ పటాలాన్ని నిలబెట్టేసింది. ఇవాళ నన్ను ఎవరైనా చిన్న ఫారం నింపమన్నా రెండుసార్లు చదివి, మూడోసారి అడిగి గానీ పెన్ను ముట్టను. అది మంచిదే. కానీ ఆ పిల్ల ఒక్కసారి వచ్చి నా ఎదురుగా కూర్చుంటే, తిట్టను. పక్కన చోటిచ్చి, తరవాతేమైందో చెప్పమంటాను.